నిలబడ్డ కిలోమీటర్లు

పుస్తకంలో పదివేలని ఉంది.
కరకంబాడి రోడ్డు షెడ్డులో చెంగల్రాయుడన్న
అయిదు వేలకే దింపెయ్ సామీ అంటాడు.
బండి ఓనరు గుణశేఖర్ సారు ఫోన్లో
పద్నాలుగు దాకా లాగొచ్చులే అంటాడు,
ఆయన బామ్మర్ది బెంగుళూరులో లాగినాడంట.

ముగ్గురి మధ్యలో నేను
బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ పీకి
పాత బనీను గుడ్డకి తుడిచి
మళ్ళీ ముంచి, ఎండకి పట్టి చూస్తా.
రెండు గీతల నడుమే ఉంది నూనె.
పోసిన్నాడు తేనె.
ఇప్పుడు అడుగంటిన చింతపులుసు.

నల్లబడిందంటే పని చేసిందని అర్థం,
పాలమాదిరి తెల్లబడితేనే భయపడాల, అంటాడు అన్న.
మరి మార్చేదెప్పుడన్నా అంటే
మళ్ళీ అయిదు వేలే.
డబ్బా రేటు చెప్పేటప్పుడు మాత్రం
నా మొహం చూడడు.

మీటరుకి ఒకటే కిలోమీటరు తెలుసు.
పలమనేరు పోయే రోడ్డులో
అయిదో గేర్లో జారిపోయేదీ కిలోమీటరే.
ఏడుగురు మనుషుల్ని, వాళ్ళ మూటల్ని మోసుకోని
రెండో గేర్లో మూలుగుతా కొండెక్కేదీ
కిలోమీటరే.

అలిపిరి చెకింగ్ దగ్గర
ముందర నలభై బండ్లు.
వెనక సీట్లో చంటిబిడ్డ, ఏసీ ఆపొద్దంటారు.
గంట సేపు ఇంజను ఉడుకుతా ఉంటుంది,
మీటరు కదలదు.
నూనె మాత్రం తిరుగుతానే ఉంటుంది లోపల
ఎవరి లెక్కలోకీ రాకుండా.
నా బతుకూ అంతేనన్నా అని
చెంగల్రాయుడన్నతో ఒకసారి అన్నా.
టీ చెప్పినాడు గానీ
ఇంగేమీ చెప్పలా.

అందుకని ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన డైరీ వెనక
నా లెక్క నేను రాసుకుంటా.
కొండ కిలోమీటరు ఒకటికి రెండు.
నిలబడ్డ గంటకి ముప్పై.
ఎవరు చెప్పినారంటే, పాత బండి చెప్పింది,
మొగిలి ఘాట్లో, తెల్లారుజామున,
విమానానికి టైమైన మనిషిని వెనక పెట్టుకోని
టక టక మని నాలుగు మాటలు చెప్పి
మళ్ళీ నోరెత్తలా.

రాత్రి మా పెద్దది ప్రసూన కూడి పెట్టింది.
మీటరు మీద తిరిగింది ఆరు వేల రెండొందలు.
అందులో కొండవి రెండు వేల నాలుగొందలు,
అవి ఇంకోసారి.
నిలబడ్డ గంటలు నలభై, దానికి పన్నెండొందలు.
తొమ్మిది వేల ఎనిమిదొందలు నాన్నా,
ఇదేం లెక్క, మా సారైతే తప్పు కొడతాడు, అనింది.
కొట్టనీమ్మా.

గుణశేఖర్ సారుకి ఫోన్ చేస్తే
మీటరు ఫోటో పంపమన్నాడు.
పంపినా.
ఆరు వేలకేనా అని నవ్వినాడు.
డైరీ పేజీ కూడా ఫోటో తీసినా,
పంపలా.
బండి ఆయనది.
కింద నుంచి వచ్చే ఆ సన్న గరగర
యాక్సిలేటరు మీదుండే నా అరికాలికే తెలుస్తుంది.

ఈ పొద్దు షెడ్డులో
డ్రెయిన్ బోల్టు వదులు చేసినాడు అన్న.
మొదట మోకులాగా, తర్వాత దారంలాగా,
ఆఖర్న చుక్క, కాసేపటికి ఇంకో చుక్క.
తొందరపడొద్దన్నా, దిగనీ, అన్నా.
నిన్నటి బత్తా,
మొన్న చెన్నైవాళ్ళు చేతిలో పెట్టిన రెండొందలు,
అన్నీ కలిపినా మూడున్నర లీటర్లకి చాలలా.
మిగతాది శనివారం ఇస్తానన్నా.
సుద్దముక్క పట్టుకోని
బానెట్ లోపల ఎంతకి రాయమంటావ్ అన్నాడు,
నా అయిదా, కంపెనీ పదా?
రాయొద్దులేన్నా, డైరీలో ఉంటుంది.

సెంట్రింగ్ పనోళ్ళొచ్చి
పాత నూనె డబ్బాలో పట్టుకోని పోయినారు.
పలకలకి పూస్తారంట, సిమెంటు అంటుకోకుండా.
ఎవరిల్లన్నా అంటే తెలీదన్నారు.
తిరుచానూరు రోడ్డులో
యాడనో మిద్దె లేస్తా ఉందంట.